స్ప్రింగులో గాలి బ్యాగు: గేజ్ చూసి నింపాలా, టేపుతో కొలిచి నింపాలా?

బరువుకు బండి వెనక భాగం కుంగకుండా వెనక కాయిల్ స్ప్రింగుల లోపల గాలి బ్యాగులు వేయించుకున్నవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ఎన్ని పీఎస్‌ఐ (గాలి పీడనం కొలత) పెట్టమంటారు?" ఇన్నోవా వాళ్లూ ఇదే అడుగుతారు, ఎర్టిగా వాళ్లూ ఇదే అడుగుతారు. ఒక అంకె చెబితే రాసుకుని వెళ్లిపోదామని ఆశ. అందరికీ సరిపోయే ఆ అంకె ఎవరి దగ్గరా ఉండదు. ఎందుకుండదో తెలిస్తే పీడనం చూపే గేజా, బండి ఎత్తు కొలిచే టేపా అన్న సందేహం సగం తీరుతుంది.

బ్యాగులో పీడనం దాని మీద పడే బరువును బట్టి మారిపోతుంది. ఖాళీ బండిలో 15 పీఎస్‌ఐ నింపండి. ఏడుగురు ఎక్కి, డిక్కీలో సామాను పడ్డాక మళ్లీ చూడండి. కొత్తగా గాలి కొట్టకపోయినా గేజ్ 15 కంటే ఎక్కువే చూపిస్తుంది, బండి వెనక భాగం మాత్రం కిందికి దిగి ఉంటుంది. అంకె పెరిగింది, ఎత్తు తగ్గింది. మనం డబ్బు పెట్టింది ఎత్తు కోసం కదా!

గేజ్‌తో ఇంకో చిక్కుంది. టైరులో గాలి చూసేటప్పుడు 'స్‌స్' మని పోయే గాలి లెక్కలోకి రాదు. ఈ బ్యాగు అలా కాదు, స్ప్రింగు చుట్ల లోపల ఇమిడేంత చిన్నది. అదే 'స్‌స్'కు ఇందులో పీడనం ఉన్నపళంగా పడిపోతుంది. రెండుసార్లు సరిచూసుకుంటే రెండుసార్లూ కొంత గాలి వదిలేసినట్టే. పైగా పొద్దున చల్లదనంలో 20 చూపించింది మధ్యాహ్నం ఎండలో 22 దాకా పెరగవచ్చు. పెట్రోలు బంకు యంత్రం సంగతి సరేసరి. అది టైర్ల కోసం పెట్టింది. ఈ తరహా బ్యాగుల్లో బాగా వాడుకలో ఉన్న ఎయిర్ లిఫ్ట్ 1000కు హద్దులు 5 నుంచి 35 పీఎస్‌ఐ. అంత చిన్న బ్యాగుకు బంకు గొట్టం తగిలిస్తే రెప్పపాటులో హద్దు దాటిపోతుంది. సైకిలు పంపు చాలు, చేతికి కాస్త శ్రమే కానీ అదుపు మన దగ్గరే ఉంటుంది.

నా ఓటు టేపుకే. కొలవాల్సింది నేల నుంచి కాదు, చక్రం నడిమధ్య నుంచి నిట్టనిలువుగా పైన మడ్‌గార్డు అంచు దాకా. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తక్కువైనా ఎక్కువైనా ఆ తేడా కూడా కొలతలో కలిసిపోతుంది. చదునైన చోట బండి నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేకు తీసేయండి. బ్రేకు పట్టి ఉంటే సస్పెన్షన్ స్వేచ్ఛగా కదలదు, కొలత తప్పు వస్తుంది. ముందు ఖాళీ బండి ఎత్తు, నాలుగు చక్రాల దగ్గరా. తరువాత బరువు వేసి మళ్లీ అవే నాలుగు. బరువు కోసం మనుషులను గంటసేపు కూర్చోబెట్టనక్కర్లేదు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఒక్కొక్కటి ఇరవై కిలోల పైచిలుకు. మూడు క్యాన్లు ఒక మనిషి కింద లెక్కేసి, ఏ సీటు బరువు ఆ సీటు దగ్గరే పెట్టండి.

ఉదాహరణకు ఖాళీగా 54 సెంటీమీటర్లు, బరువుతో 47 వచ్చిందనుకోండి. కొంచెం గాలి కొట్టడం, బండిని ముందుకూ వెనక్కూ ఒక మూర దూరం జరపడం, మళ్లీ కొలవడం. జరపకపోతే సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్‌లు మెలిపడ్డచోటే ఉండి దొంగ ఎత్తు చూపిస్తాయి. చాలామంది 54 వచ్చేదాకా కొడతారు. నేనైతే 52 దగ్గర ఆపేస్తాను. ఖాళీ బండి వెనక భాగం లేచి ఉండేదే బరువు పడ్డాక సర్దుకోవడం కోసం. పూర్తిగా లేపితే ప్రతి స్పీడ్ బ్రేకరూ వెనక సీటు పెద్దవాళ్ల నడుముకు తెలుస్తుంది. ముందు చక్రాల కొలత కూడా చూసుకోవడం మరవకండి. వెనక కుంగితే ముందు లేచి, హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివాడి కళ్లలో పడుతుంది. ముందు ఎత్తు ఖాళీ బండి కొలతకు దగ్గరగా వచ్చిందా లేదా అన్నదే నాకు పెద్ద గుర్తు.

అలాగని గేజ్‌ను పారేయమనడం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి తిరుమల బయలుదేరుతూ టేపు పట్టుకుని వంగేవాడు ఎవడు? ఎత్తు కుదిరాక ఒక్కసారి గేజ్ పెట్టి, ఆ అంకెను బరువుతో జతచేసి డ్యాష్‌బోర్డు అరలో రాసి ఉంచుకోండి: 'ఐదుగురు, రెండు పెట్టెలు' అని ఒకటి, 'ఏడుగురు, పైన క్యారియర్' అని ఒకటి. బరువుతో ఉన్నప్పటి అంకెను బరువుతో ఉన్నప్పుడే సరిచూడాలి. ఖాళీ బండిలో అదే అంకె పెట్టి ఎక్కించుకుంటే లెక్క తప్పుతుంది.

మడ్‌గార్డు సందులో ఎన్ని వేళ్లు పడతాయో చూసే పద్ధతి ఒకటుంది, ఫొటోలకు పనికొస్తుంది. సెన్సర్లతో తానే ఎత్తు సర్దుకునే కిట్లూ ఉన్నాయి, ఏడాదికి నాలుగు యాత్రల కుటుంబానికి ఆ ఖర్చు దండగ.

రెండు బ్యాగులకూ కలిపి ఒకే వాల్వు పెట్టాలా, విడివిడిగానా అంటే విడివిడిగానే. ఒకే గొట్టమైతే శ్రీశైలం ఘాట్ మలుపుల్లో బరువు పడ్డ వైపు గాలి రెండో వైపుకు జారి, బండి ఇంకా వాలుతుంది. అయితే ఖాళీ బండే ఒక పక్కకు ఒరిగి ఉంటే ఆ పక్క గాలి పెంచి కప్పిపుచ్చకండి, స్ప్రింగు చూపించండి. వెనక యాక్సిల్‌కు బరువును బట్టి బ్రేకు సర్దే వాల్వు ఉన్న బండ్లయితే మెకానిక్‌తో ముందే మాట్లాడాలి. వెనక లేచి ఉంటే అది బండి ఖాళీ అనుకుని వెనక బ్రేకుకు బలం తగ్గిస్తుంది. గాలి ఎంత కొట్టినా ఆర్‌సీలో రాసిన బరువు హద్దు మాత్రం పెరగదు.

ఊరి నుంచి వచ్చి సామాను దింపాక గాలి తగ్గించుకోవచ్చు, లేకపోతే ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. కానీ 5 పీఎస్‌ఐ కిందికి దించవద్దు. గాలి లేని బ్యాగు స్ప్రింగు చుట్ల మధ్య నలిగి చిరుగుతుంది.