హైదరాబాద్: పదిహేను వేసవుల వాడకం తర్వాత

హైదరాబాద్ మీద మోజు తగ్గేది ఏప్రిల్‌లో. హాస్టల్ వదిలి ఫ్లాట్‌లోకి మారాక వచ్చే మొదటి ఏప్రిల్‌లో. అప్పటిదాకా ఈ ఊరు కొత్తవాళ్ళని బాగానే చూసుకుంటుంది. ఎస్సార్‌నగర్, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో మూడు పూటల తిండి, మంచం, నీళ్ళు అన్నీ ఒక్క నెల ఫీజులోనే వచ్చేస్తాయి. సందు మలుపులో టిఫిన్ బండి ఉంటుంది. చదువుకోడానికి చిక్కడపల్లి లైబ్రరీ, ఆదివారం తిరగడానికి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, జనవరి 1 వస్తే నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్. వచ్చీరాని హిందీతో కూడా పని గడిచిపోతుంది. ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి, విజయవాడ ఉక్కపోతలో పెరిగినవాళ్ళకి ఇక్కడి సాయంత్రాలు స్వర్గమే. ఈ దశలో ఎవరైనా అయిదుకి అయిదు మార్కులు వేస్తారు, వెయ్యాల్సిందే.

తర్వాత నీళ్ళ దగ్గర మార్కులు తెగడం మొదలవుతుంది.

కుళాయిలో వచ్చేవన్నీ, మంజీరా నది పేరు మీద, ఇక్కడివాళ్ళకి 'మంజీరా నీళ్ళే'. ఇప్పుడు వాటిలో ఎక్కువ భాగం వంద కిలోమీటర్ల పై దూరం నుంచి పంపు చేసుకొచ్చే కృష్ణా, గోదావరి నీళ్ళు. చాలా కాలనీల్లో రోజు విడిచి రోజు గంటో రెండు గంటలో వదులుతారు. సంపు పెద్దదైతే ఆ నీళ్ళతో ఇల్లు గడిచిపోతుంది. బోరునే నమ్ముకున్న అపార్ట్‌మెంట్లకే తిప్పలు. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు కావాలన్నది ప్రభుత్వ ప్రమాణం. నలుగురున్న ఇంటికి 540 లీటర్లు, ఇరవై ఫ్లాట్ల బిల్డింగుకి 10,800. అంటే బోరు ఎండిన రోజున 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు వచ్చినా 800 లీటర్లు తక్కువే, చుట్టాలొస్తే మూడోది తప్పదు. ఆ డబ్బంతా మెయింటెనెన్స్‌లో కలుస్తుంది. కాబట్టి జనవరిలో చెప్పిన మెయింటెనెన్స్ అంకెని మే నెలకి లెక్కేసుకోకండి.

బోర్లు ఎండడానికి కారణం కిందున్న రాయి. ఊరంతా గ్రానైట్ మీద కూర్చుంది. నీళ్ళు నిలిచేది పైనున్న మెత్తబడిన పొరలోనూ, లోపలి పగుళ్ళలోనూ. పైన సిమెంటు పరిచాక ఆ పగుళ్ళలోకి వాన దిగే దారి మూసుకుపోతుంది. పక్క ప్లాటులో 300 అడుగులకే పడ్డ నీళ్ళు ఇక్కడ వెయ్యికి కూడా పడకపోవచ్చు. 'మనది వెయ్యడుగుల బోరండీ' అని ఎవరైనా గొప్పగా చెప్తే సంతోషపడొద్దు. పైన ఎక్కడా నీళ్ళు దొరక్కే అంత లోతుకి దించి ఉంటారు.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు నీళ్ళ సంగతి ఓనర్ని అడిగి లాభం లేదు, వాచ్‌మన్‌ని అడగాలి. ట్యాంకర్‌కి ఫోన్ చేసేది అతనే. 'నీళ్ళ ప్రాబ్లమ్ ఉందా?' అంటే లేదనే అంటాడు. 'కిందటి మే నెలలో రోజుకి ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు?' అనండి, అంకె చెప్పేస్తాడు. బాత్రూమ్ కుళాయి మూతి చూడండి. తెల్లటి పెచ్చు కట్టి ఉంటే అవి ఉప్పు నీళ్ళు: సబ్బు నురగ రాదు, గీజర్ కాయిల్ మీద సున్నం పేరుకుని త్వరగా పోతుంది. వాటర్ బోర్డు బిల్లు ఒకటి చూపించమని అడిగి, దాని మీద క్యాన్ నంబరు (కనెక్షన్ ఖాతా నంబరు), మీటరు రీడింగు చూసుకోండి. 2021లో మొదలైన నెలకి 20,000 లీటర్ల ఉచిత నీటి పథకానికి మీటరు, ఆధార్ అనుసంధానం రెండూ ఉండాలి. పై లెక్కలో నలుగురి ఇంటికి నెలకి పట్టేది 16,200 లీటర్లే, హాయిగా సరిపోతుంది.

ప్రయాణం గురించి. మెట్రో మూడు లైన్లూ కలిపి సుమారు 69 కిలోమీటర్లు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కి గంట లోపు పడుతుంది. అదే దూరం కారులో సాయంత్రం ఆరున్నరకి బయల్దేరితే ఎప్పుడు చేరతారో చెప్పలేం. అయితే బండికి మూడే బోగీలు. ఉదయం ఎనిమిదిన్నర నుంచి పది దాకా అమీర్‌పేటలో లైను మారాలంటే అంతస్తు ఎక్కాలి, ఒకటి రెండు బళ్ళు వదులుకోవాలి. నాగోలు నుంచి వచ్చే బ్లూ లైను రాయదుర్గంలో ఆగిపోతుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసైతే అక్కడి నుంచి ఇంకా ఆరేడు కిలోమీటర్లు షటిల్ బస్సో, షేర్ ఆటోనో చూసుకోవాలి. ఈ చివరి ముక్కకి రోజూ పోయే సమయం ఎవరూ ముందు లెక్కేసుకోరు, సగం విసుగు అక్కడే పుడుతుంది. ఊరి నుంచి బస్సులో వచ్చేవాళ్ళు ఎంజీబీఎస్ బస్టాండు దాకా కూర్చోనక్కర్లేదు. విజయవాడ వైపు నుంచైతే ఎల్బీనగర్‌లో, వరంగల్ వైపు నుంచైతే ఉప్పల్లో దిగి మెట్రో ఎక్కేయొచ్చు.

వాన విషయానికొస్తే, ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్ళు నాలా పట్టుకుని కింది చెరువుకి పోవాలి. మధ్యలో కాలనీ కట్టినా నీళ్ళకి తెలిసిన దారి అదే. 2020 అక్టోబరులో టోలిచౌకి నదీమ్ కాలనీ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నది ఇందుకే. పేర్లలోనే హెచ్చరిక ఉంటుంది: నల్లకుంట, తలాబ్‌కట్ట (తలాబ్ అంటే చెరువే). మాసబ్ ట్యాంక్ అన్నది కూడా ఒకప్పుడు 'మా సాహెబా తలాబే'. ఇల్లు కొనేవాళ్ళు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపుల్లో ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండితే నీళ్ళు చేరే హద్దు), దాని చుట్టూ కట్టకూడని బఫర్ జోన్ చూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ జాగ్రత్త మరీ అవసరం. అద్దెవాళ్ళకి సెల్లార్ గోడ మీద తేమ మరక ఎంత ఎత్తుందో చూస్తే చాలు.

అద్దె పద్ధతిలో మాత్రం హైదరాబాద్ ఇంకా మంచిదే. మామూలుగా రెండు నెలల అడ్వాన్సుతో పోతుంది, బెంగళూరులోలా ఆరు, పది నెలల మాట తక్కువ. అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకి రాస్తారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో నెల అద్దె కోసుకోవడం ఇక్కడి ఆనవాయితీ. ఆ అంకె ముందే కాగితం మీద రాయించుకోండి.

మొత్తానికి నా మార్కులు: ఆఫీసు, ఇల్లు, మెట్రో ఒకే లైను మీద ఉండి, మంజీరా కనెక్షన్ ఉంటే నాలుగు. లేకపోతే రెండే. ఆ రెండూ తిండికి.

ఇల్లు వెతకాల్సింది మే నెలలో, పని రోజున, సాయంత్రం ఏడింటికి. సంక్రాంతి వారంలో అస్సలు వద్దు. ఆ నాలుగు రోజులూ కార్లన్నీ విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరి ఉంటాయి. ఇక్కడ రోడ్లు ఖాళీ, బోర్లలో నీళ్ళు, గాలి చల్లగా. అప్పుడు మురిసిపోయి అడ్వాన్సు ఇచ్చినవాళ్ళే ఏప్రిల్‌లో మళ్ళీ టు-లెట్ బోర్డులు చదువుకుంటూ తిరుగుతుంటారు.