మీటరు జరిపి నాలుగేళ్లు

ఇంటి వెనక రెండు గదులు కలపాలనుకున్నప్పుడు ముందుగా అడ్డొచ్చింది కరెంటు మీటరే. కొత్త గోడ లేవాల్సిన చోటే మీటరు పెట్టె ఉంది, గదుల మీదుగా సర్వీస్ వైరు వస్తుంది. ‘‘పునాది తవ్వనివ్వండి, మీటరు సంగతి తర్వాత సర్దుకుందాం’’ అన్నాడు మేస్త్రి. నేను ఒప్పుకోలేదు. మీటరు జరిగాకే గునపం దించాలన్నాను. నాలుగేళ్లు వాడాక కూడా, ఆ పంతం పట్టి మంచి పని చేశాననే అనిపిస్తోంది.

సర్వీస్ వైరు, మీటరు, దాని సీలు సరఫరా చేసే సంస్థవి. వాటి మీద మన ఎలక్ట్రీషియన్ చెయ్యి వేయకూడదు. మీటరు దాటాక మన బాధ్యత. ఈ రెండు పనులూ ఒకే రోజు కలవాలి, అసలు టెన్షన్ అక్కడే. మాకు ఇచ్చిన తేదీ రెండుసార్లు మారింది. అయినా కొత్త మెయిన్ బోర్డు, కేబుల్, ఎర్త్ పిట్ (లీకైన కరెంటును భూమిలోకి పంపే గుంత) ముందే పూర్తిచేసి, టెస్ట్ చేసి పెట్టుకున్నాం కాబట్టి ఇంట్లో కరెంటు లేనిది ఒక్క పూటే. పాత ఎర్త్ పిట్ కొత్త గది గచ్చు కిందికి వెళ్లిపోయేది. దాని గురించి మా ఎలక్ట్రీషియన్ చెప్పేదాకా నాకు తట్టనే లేదు.

మీటరు కొత్త గోడకు వెళ్లేసరికి ఇంట్లోని బోర్డుకు 20 మీటర్ల దూరం వచ్చింది. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ చాలని కొందరన్నారు. లెక్క వేస్తే, 40 ఆంపియర్లు లాగినప్పుడు దారిలోనే దాదాపు 5 వోల్టులు పోతాయి. అదే 10 చదరపు మిల్లీమీటర్లదైతే 3 వోల్టులే. ఖర్చు ఎక్కువైనా 10దే వేయించాం. గీజరు వేసినా లైట్లు మసకబారడం లేదు. కందకంలో ఆర్మర్డ్ (ఉక్కు కవచం ఉన్న) కేబుల్ పరిచి, ఇసుక పోసి, పైన ఎర్ర హెచ్చరిక టేపు వేశారు. పూడ్చకముందు కొలతల టేపు పక్కన పెట్టి ఫోటోలు తీశాను. రెండేళ్ల తర్వాత నీళ్ల గొట్టం కోసం తవ్వినప్పుడు, సరిగ్గా నేను చెప్పిన చోటే మట్టిలోంచి ఆ ఎర్ర టేపు బయటపడింది. కూలీ గునపం పక్కన పెట్టి చేత్తో తవ్వాడు.

ఇక లోపాలు. మీటరుకు పడమటి గోడ ఎంచుకోవడం నా పొరపాటు. మొదటి వేసవిలోనే మధ్యాహ్నం ఏసీ, మోటారు కలిసి నడిస్తే మీటరు పెట్టెలోని మెయిన్ ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే ఆపేసే స్విచ్చు) పడిపోయేది. ఇళ్లలో వాడే ఎంసీబీల రేటింగు మామూలుగా 30 డిగ్రీల వేడికి లెక్కగట్టింది. ఎండలో కాగే పెట్టెలో అవి ముందే ట్రిప్ అవుతాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి పెట్టె తెరిస్తే ఇంకో కారణమూ కనిపించింది. ఎంసీబీ కింది స్క్రూ వదులై, అక్కడి వైరు తొడుగు గోధుమరంగుకు తిరిగింది. వదులు జాయింటు పుట్టించే వేడి కూడా ఎంసీబీలోకే వెళ్తుంది. కరెంటు తీసి, వైరు చివర కత్తిరించి, కొత్త లగ్గు (వైరు చివర తొడిగే లోహపు ముక్క) వేసి బిగించాడు. పైన చిన్న చూరు కట్టించాం. అప్పటినుంచి ఒక్కసారీ పడలేదు. ఏటా వేసవికి ముందు ఆ స్క్రూలన్నీ చూపిస్తున్నాను.

మీటరు జరిపే కాగితాలతోపాటే లోడ్ పెంపు కూడా అడిగాం, రెండోసారి తిరిగే పని తప్పింది. కానీ కందకం తెరిచి ఉన్నప్పుడే పక్కన ఒక ఖాళీ పైపు వేయించి ఉండాల్సింది. ఇప్పుడు సోలార్ కేబుల్ లాగాలంటే, పరిచిన టైల్స్ మళ్లీ లేపాల్సి వస్తోంది.