జెమినీ గెస్ట్‌బుక్‌కి ఏది మేలు: యూఆర్ఎల్ తోకా, టైటనా?

జెమినీలో కాప్సూల్ (అక్కడ సైటుని అలా అంటారు) పెట్టుకున్నవాళ్లు నన్ను తిప్పి తిప్పి అడిగేది ఒకటే: "ఫారం అనేదే లేదు కదా, చదివేవాళ్లు రాసేది ఎలా తీసుకోవాలి?" (గూగుల్ ఏఐ కాదండోయ్, 2019లో మొదలైన, వెబ్‌లాగే పేజీలు చదువుకునే చిన్న ప్రోటోకాల్. ఆ పేరు గూగుల్ కన్నా ముందు ఈ ప్రోటోకాల్‌వాళ్లే పెట్టుకున్నారు.) ఈమధ్యే నా గెస్ట్‌బుక్ పద్ధతి మార్చాను కాబట్టి నా లెక్క చెబుతాను.

జెమినీ సొంత పద్ధతి ఇదీ. సర్వర్ 10 (‘ఏదైనా రాయండి’ అనే కోడ్) అంటుంది, క్లయింట్ (పేజీలు చూసే ప్రోగ్రాం) ఒక పెట్టె తెరుస్తుంది, మనం కొట్టింది ప్రశ్నార్థకం వెనక తోకలా తగిలించుకుని అదే యూఆర్ఎల్ మళ్లీ వస్తుంది. పేరూ ఊరూ విడివిడిగా కావాలంటే మొదటి జవాబుని యూఆర్ఎల్‌లోని పాత్‌లో దాచి రెండో ప్రశ్న వేయాలి. కాస్త చాకిరీ, అంతే. సందేశం రాసుకున్నాక చదివేవాళ్లని వేరే పేజీకి మళ్లించడం మాత్రం మరిచిపోవద్దు. నేను మరిచిపోతే, పేజీ రీలోడ్ చేసిన ప్రతిసారీ ఒకే అభినందన మళ్లీ మళ్లీ పడింది.

నన్ను నిజంగా ఆపింది పొడవు. యూఆర్ఎల్ మొత్తం 1024 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషులో రాసేవాళ్లకి అది ఒక పేరా. మనకి? యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, పక్కన చేరే గుణింతపు గుర్తుకి మరో మూడు. యూఆర్ఎల్‌లోకి ఎక్కేటప్పుడు ఒక్కో బైటూ పర్సెంటు గుర్తుతో కలిపి మూడవుతుంది. ‘తెలుగు’ అన్న చిన్న మాటే చూడండి: మూడు అక్షరాలు, మూడు గుర్తులు, ఒక్కోదానికి తొమ్మిది, మొత్తం 54. ఖాళీకి కూడా మూడు పోతాయి. అడ్రస్ పోను మిగిలేది సుమారు పదిహేను మాటలు. ఒకాయన ఓపిగ్గా నాలుగు వాక్యాలు రాస్తే నా సర్వర్ 59 (‘అభ్యర్థన సరిగా లేదు’) అని మొహం మీదే తలుపేసింది. "మీ సైటుకి తెలుగు రాదా?" అని తర్వాత అడిగారు. ఏం చెప్పను?

జెమినీకి తోడుగా, సర్వర్‌కి పంపడానికి వాడే టైటన్ ప్రోటోకాల్‌లో ఈ బాధ లేదు. యూఆర్ఎల్‌లో అడ్రస్‌తో పాటు సైజు, మైమ్ రకం (పంపేది ఏ రకం ఫైలో), అవసరమైతే టోకెన్ (అనుమతి గుర్తు) మాత్రమే ఉంటాయి. రాసింది దాని వెనకే ఉన్నదున్నట్టు వస్తుంది, మూడు బైట్లది మూడు బైట్లుగానే. సందేశం హిస్టరీలోకి, లాగుల్లోకి యూఆర్ఎల్‌తో పాటు పాకదు. చిక్కల్లా క్లయింట్లతోనే. లాగ్రాంజ్ అనే క్లయింట్‌లో చక్కగా నడుస్తుంది కానీ అన్నిటిలో ఉండదు. సర్వర్ వైపు కూడా విడిగా ఏర్పాటు చేయాలి.

రహస్యాలకి జెమినీలో 11 అనే కోడ్ ఉంది కదా అంటారు. అది తెర మీద అక్షరాలు దాస్తుందంతే, పాస్‌వర్డ్ యూఆర్ఎల్‌లోనే వెళ్తుంది. లాగిన్ కావాలంటే క్లయింట్ సర్టిఫికెట్ (పాస్‌వర్డ్ బదులు క్లయింటే చూపించే గుర్తింపు) వాడండి.

జెమినీ లాంటిదే ఇంకో ప్రోటోకాల్ స్పార్టన్‌లో ఇన్‌పుట్ లింకుకి ప్రత్యేకంగా ఒక లైనే ఉంది, పద్ధతి ముచ్చటగా ఉంటుంది. టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా గుప్తీకరించడం) లేదు కాబట్టి నాకు పనికిరాదు. పాత ప్రోటోకాల్ గోఫర్ వాడేవాళ్లకి ఏడో రకం లింకు ఎలాగూ ఉంది, వెతకడానికి చాలు.

ఇప్పుడు నా కాప్సూల్‌లో వెతుకులాట 10తోనే నడుస్తోంది, ఒకటి రెండు మాటలకి అంతకన్నా అక్కర్లేదు. గెస్ట్‌బుక్‌లో రెండు లింకులు: పైన టైటన్, కింద ‘పది మాటల్లో చెప్పండి’ అని పాతది.