ఆరు వీకెండ్ల ఆర్థో (పళ్లకి క్లిప్పులు వేసే) కోర్సు చేశా, బీడీఎస్ వాళ్లు ఫీజు కట్టే ముందు ఇది చదవండి

బీడీఎస్ అయ్యి నాలుగేళ్లయింది, మా ఊళ్లో రెండు చైర్ల డెంటల్ క్లినిక్ నాది. డెంటల్ పీజీ కోసం నీట్ ఎండీఎస్ రెండుసార్లు రాశా, ఆర్థో సీటు అందలేదు, మేనేజ్‌మెంట్ కోటా ఫీజు వినగానే నాన్న పొలం కాగితాల వైపు చూశారు, నేనే వద్దన్నా. క్లిప్పులు కావాలని వచ్చే పిల్లల్ని ప్రతిసారీ వేరే చోటికి పంపలేక హైదరాబాద్‌లో ఒక అకాడమీలో చేరా. పేరు చెప్పను, అడగొద్దు. నెలకో శని ఆదివారం, ఆరు నెలలు, లక్షా పదివేలు. మధ్యాహ్నం భోజనం మాత్రం సూపర్.

బాగున్నది ముందు చెప్పేస్తా, వైర్ బెండింగ్. సార్ 0.7 మిల్లీమీటర్ల స్టీల్ వైర్‌తో ఆడమ్స్ క్లాస్ప్ (తీసి పెట్టుకునే ప్లేటుని దవడపళ్లకి పట్టి ఉంచే కొక్కెం) చేస్తూ, ప్లయర్ పట్టుకోవడానికే, వంచేది బొటనవేలు అని పదిసార్లు అన్నారు. నా మొదటి క్లాస్ప్‌లో పన్నుని పట్టే రెండు బాణం మొనల్లో (యారోహెడ్) ఒకటి పైకి, ఇంకోటి పక్కకి. టైపోడాంట్ (ప్రాక్టీస్ చేసే బొమ్మ దవడ) కూడా సరదాగా ఉంది, మైనంలో గుచ్చిన పళ్లకి బ్రాకెట్లు అతికించి స్ప్రింగులా సాగే నైటై వైర్ కట్టి వేడి నీళ్లలో ముంచితే మైనం మెత్తబడి పళ్లు కళ్లముందే వరసలోకి వస్తాయి, నేను కాసేపు ఎక్కువ ఉంచేసరికి ముందు పళ్ల పక్కనుండే లాటరల్ పన్ను వైర్‌తో సహా ఊడి చేతికొచ్చింది.

ఇక డయాగ్నోసిస్‌కి మొత్తం కలిపి ఒక్క పూట. తలకి పక్కనుంచి తీసే ఎక్స్‌రే (సెఫ్) మీద పై దవడ, కింది దవడ, ఆ రెంటి మధ్య తేడా కొలిచే కోణాలు ఎస్‌ఎన్‌ఏ 82, ఎస్‌ఎన్‌బీ 80, ఏఎన్‌బీ 2 ఉండాలని స్లైడ్ వేసి తిప్పేశారు. మరి ఏఎన్‌బీ 7 ఉన్న పిల్ల వస్తే? "కేస్ టు కేస్ చూసుకోవాలి డాక్టర్" అన్నారు, అంతే. బ్రోచర్‌లో లైవ్ పేషెంట్స్ అని పెద్దక్షరాలు, తీరా పద్దెనిమిది మందికి ఇద్దరు పేషెంట్లు, నా వంతుకి ఒక ప్రీమోలార్ (కోరపన్ను వెనక పన్ను) బ్రాకెట్ దక్కింది. అసలు ఒక కేసు పూర్తవ్వడానికే ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది కదా, ఆరు నెలల కోర్సులో క్లిప్పులు తీసే రోజు ఎలా చూపిస్తారు, ఈ లెక్క కట్టేముందు నాకెందుకు తట్టలేదో.

తర్వాత మా క్లినిక్‌కి ఎత్తుపళ్లతో ఒక డిగ్రీ అమ్మాయి వచ్చింది. పై ప్రీమోలార్లు రెండూ తీసి, పవర్ చైన్ (సాగే రబ్బరు గొలుసు) వేసి ముందు పళ్లని వెనక్కి లాగడం మొదలుపెట్టా. గ్యాప్ మూసుకుంటోంది, నేను ఖుషీ. పళ్ల ఎత్తు మాత్రం అలాగే ఉంది. చూస్తే దవడపళ్లే ముందుకు జరిగొచ్చేశాయి! మడమ తన్ని పట్టకుండా తాడు లాగితే మనమే జారతాం కదా, యాంకరేజ్ లాస్ అంటే అదే, కోర్సులో దానికి ఒక స్లైడ్. భయమేసి ఒక కన్సల్టెంట్ ఆర్థోడాంటిస్ట్‌ని పిలిచా. ఆయన తిట్టలేదు, ఎక్స్‌రేల కవర్ తిరగేసి "సెఫ్ ఏదండీ?" అన్నారు. నేను తీయించనే లేదు. పట్టు కోసం ఎముకలో మినీ స్క్రూలు వేసి కేసు నిలబెట్టారు, నాకు మిగిలిందేం లేదు.

ఆయనకైనా ఎండీఎస్ మూడేళ్లు, మొదట్లో నెలల తరబడి వైర్ వంచడమే పని అట, ఫస్ట్ ఇయర్‌లో మొదలెట్టిన పేషెంట్‌కి ఫైనల్ ఇయర్‌లో తనే క్లిప్పులు తీశారట. ఇప్పుడు కిట్ బ్యాగ్ బైక్‌కి తగిలించుకుని తొమ్మిది క్లినిక్కులు తిరుగుతున్నారు, అది కూడా పూలపాన్పేం కాదు.

కోర్సుకి 5కి 2 ఇస్తా, ఆ 2 కూడా వైర్ బెండింగ్ సార్‌కే. సర్టిఫికెట్ మీద ఫెలోషిప్ అని బంగారు రంగులో ఉంటుంది కానీ ఎండీఎస్ లేకుండా బోర్డు మీద ఆర్థోడాంటిస్ట్ అని రాసుకోలేం, అది చేరేముందు ఎవరూ గట్టిగా చెప్పరు. నెలలో రెండో ఆదివారం ఆ కన్సల్టెంట్ మా క్లినిక్‌కొస్తే పక్కన కూర్చుని సక్షన్ పట్టుకుంటున్నా, సెఫ్ మీద గీతలు గీసి కోణాలు కొలిచే ట్రేసింగ్ నాతోనే వేయిస్తున్నారు. కోర్సు కిట్‌లో ఇచ్చిన డిస్టల్ ఎండ్ కట్టర్ (నోట్లో వైర్ చివర కత్తిరించేది) రెండో నెలకే మొద్దుబారింది, అది మాత్రం విడిగా మంచిది కొనుక్కోండి.