ఇష్టం లేని యుద్ధాన్ని ఆపాలంటే ఏది మేలు: ఎన్నికలా, గడువా, నిధులా?

1965 ఫిబ్రవరిలో అమెరికా ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ తన అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కు ఒక లేఖ రాశాడు. వియత్నాం యుద్ధంలోకి ఇంకా లోతుగా దిగకుండా బయటపడాలంటే ఇదే అదను అన్నది దాని సారాంశం. అంతకు మూడు నెలల ముందే జాన్సన్ 44 రాష్ట్రాలు గెలిచాడు, 61 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. రిపబ్లికన్లు ఏమంటారో అన్న భయం లేకుండా వియత్నాం సంగతి తేల్చుకోగలిగిన మొదటి సంవత్సరం ఇదేనని హంఫ్రీ లెక్క కట్టాడు. యుద్ధం పెంచితే దెబ్బ అటునుంచి కాదు, సొంత డెమోక్రాట్ల నుంచే తగులుతుందని కూడా హెచ్చరించాడు. జాన్సన్‌కు ఆ లేఖ అస్సలు నచ్చలేదు. ఆ తర్వాత దాదాపు ఏడాది పాటు హంఫ్రీని వియత్నాం సమావేశాల దరిదాపులకు రానివ్వలేదు.

లేఖలో చెప్పినవి చాలావరకు జరిగాయి. అది పక్కన పెడితే, అందులో నాకు ఆసక్తిగా అనిపించేది వేరే ఉంది. యుద్ధం గెలుస్తామా ఓడతామా అన్నదానికంటే, ఎన్నికల క్యాలెండర్‌లో మనం ఎక్కడున్నాం అన్న ప్రశ్నకు అందులో పెద్ద పీట వేశాడు. చదివితే కాస్త చేదుగా ఉంటుంది కానీ, దూరదేశంలో జరిగే యుద్ధం మీద జనానికి విసుగు పుట్టాక వాషింగ్టన్‌లో జరిగే లెక్కలు దాదాపు ఇలాగే ఉంటాయి.

జనం వద్దన్నంత మాత్రాన యుద్ధం ఆగదు. సైన్యాన్ని కదిలించేది అధ్యక్షుడు. డబ్బు ఇచ్చేది కాంగ్రెస్, అంటే సెనేట్, ప్రతినిధుల సభ కలిసిన అక్కడి పార్లమెంటు. యుద్ధం వద్దనుకునే పార్టీ ముందు ముఖ్యంగా మూడు దారులు ఉంటాయి: ఎన్నికల్లో మనుషులను మార్చడం, సైన్యం వెనక్కి రావడానికి చట్టంలో తేదీ పెట్టడం, డబ్బు ఆపడం. వీటిలో ఏది మేలో చూసేటప్పుడు రెండు లెక్కలు విడిగా వేయాలి. సైనికులు ఇంటికి వచ్చారా అన్నది ఒకటి, పార్టీకి ఏం ఒరిగింది అన్నది రెండోది. ఈ రెండూ కలిసిరావడం అరుదు.

ఓటుతో మార్చడం

1968 మార్చి 12న న్యూహాంప్‌షైర్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, యుద్ధానికి వ్యతిరేకంగా నిలబడిన సెనేటర్ యూజీన్ మెకార్తీకి 42 శాతం ఓట్లు వచ్చాయి. సొంత పార్టీ అధ్యక్షుడు జాన్సన్‌కు వచ్చినవి 49 శాతమే. గెలిచింది జాన్సనే అయినా దాన్ని ఎవరూ గెలుపుగా చూడలేదు. నాలుగు రోజుల్లో మరో డెమోక్రాట్ సెనేటర్ రాబర్ట్ కెనెడీ బరిలోకి దిగాడు. మార్చి 31న జాన్సన్ టీవీలో కనిపించి, తాను మళ్లీ పోటీ చేయనన్నాడు. ఒక చిన్న రాష్ట్రంలో పడిన ఓట్లకు అధ్యక్షుడే తప్పుకున్నాడంటే ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది.

యుద్ధం మాత్రం ఆగలేదు. జూన్‌లో కెనెడీ హత్యకు గురయ్యాడు. ఆగస్టులో చికాగోలో జరిగిన పార్టీ మహాసభలో యుద్ధ వ్యతిరేకులు తెచ్చిన శాంతి తీర్మానం వీగిపోయింది. ఒక్క ప్రైమరీలో కూడా పోటీ చేయని హంఫ్రీకి టికెట్ దక్కింది. 1965లో వద్దని లేఖ రాసిన మనిషే 1968లో ఆ యుద్ధాన్ని నెత్తిన పెట్టుకుని ఓట్లు అడగాల్సి వచ్చింది. సెప్టెంబర్ 30న సాల్ట్ లేక్ సిటీ ప్రసంగంలో, గెలిస్తే బాంబుదాడులు ఆపుతానని చెప్పి జాన్సన్ నుంచి కాస్త దూరం జరిగాడు. అప్పటినుంచి ఆయన పుంజుకున్నాడు కానీ సమయం చాలలేదు. 0.7 శాతం ఓట్ల తేడాతో రిపబ్లికన్ రిచర్డ్ నిక్సన్ గెలిచాడు. వియత్నాంలో చనిపోయిన 58 వేల పైచిలుకు అమెరికా సైనికుల్లో 20 వేల మందికి పైగా నిక్సన్ వచ్చాక చనిపోయినవారే.

2006 కూడా ఇలాగే నడిచింది. ఇరాక్ యుద్ధం మీద కోపంతో జనం నవంబర్ 7న రెండు సభలనూ డెమోక్రాట్ల చేతిలో పెట్టారు. మర్నాడే రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ నిష్క్రమణను రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ బుష్ ప్రకటించాడు. అంతకు వారం ముందు, ఆయన కొనసాగుతాడని విలేకరులతో చెప్పింది కూడా బుష్షే. ఇక సైన్యం తగ్గుతుందని అందరూ అనుకుంటుండగా, జనవరి 10న ఇరాక్‌కు ఇంకో 20 వేల మందికి పైగా పంపుతున్నానన్నాడు. ఆ యుద్ధంలో అమెరికా సైనికులు అందరికంటే ఎక్కువ మంది చనిపోయిన సంవత్సరం 2007, అంటే ఎన్నికల్లో జనం తీర్పు చెప్పిన తర్వాతి సంవత్సరం.

ఓటు మనుషులను మారుస్తుంది. కొత్తగా వచ్చినవాడు ఏం చేస్తాడన్నది దాని చేతిలో లేదు.

తేదీ పెట్టడం

2007లో డెమోక్రాట్లు పట్టుకున్న దారి ఇది. యుద్ధ ఖర్చుల బిల్లులోనే సైన్యం ఉపసంహరణకు గడువు పెట్టారు. మార్చి 23న ప్రతినిధుల సభలో 218-212 ఓట్లతో అది నెగ్గింది. అంటే చావుతప్పి కన్ను లొట్టబోయినట్టు. అవతలి పార్టీ నుంచి వచ్చిన ఓట్లు రెండే. సెనేట్‌లో కూడా అంతే, అంచుల మీద గెలుపు. మే 1న బుష్ వీటో చేశాడు. వీటోను కొట్టేయాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. మర్నాడు ప్రతినిధుల సభలో వచ్చినవి 222-203.

అప్పుడు డెమోక్రాట్లకు అసలు టెన్షన్ మొదలైంది. మళ్లీ అదే బిల్లు పంపితే మళ్లీ వీటో. ఈలోగా డబ్బు అందకపోతే, యుద్ధరంగంలో ఉన్న పిల్లల నోటి దగ్గర కూడు లాగేశారన్న మాట పడాలి. ఆ మాటంటే వాళ్లకు ఎప్పుడూ భయమే. 2004లో తమ అధ్యక్ష అభ్యర్థి జాన్ కెర్రీని 8,700 కోట్ల డాలర్ల యుద్ధ ఖర్చుల మీద ఆయన వేసిన ఓటుతోనే రిపబ్లికన్లు ఎంత ఆడుకున్నారో ఎవరూ మరిచిపోలేదు. మే 24న గడువు లేని బిల్లు 280-142 ఓట్లతో గట్టెక్కింది. స్పీకర్ నాన్సీ పెలోసీ తానే దాన్ని సభకు రానిచ్చి, తానే వ్యతిరేకంగా ఓటేసింది. డెమోక్రాట్లలో ఎక్కువమంది కూడా వద్దనే ఓటేశారు. రిపబ్లికన్ల ఓట్లతో, డెమోక్రాట్ల అనుమతితో యుద్ధానికి డబ్బు వెళ్లింది. దీన్ని మోసం అంటారా, చాకచక్యం అంటారా అంటే, నేను రెండూ అంటాను.

గడువు బిల్లు ఎందుకు పనిచేయలేదో చెప్పడానికి రిచర్డ్ లూగర్ ఒక్కడు చాలు. సెనేట్ విదేశాంగ సంఘంలో సీనియర్ రిపబ్లికన్. 2007 జూన్ 25న సభలో లేచి, బుష్ వ్యూహం ఫలించే అవకాశం లేదని, దారి మార్చాలని సూటిగా చెప్పాడు. అయినా జూలైలో గడువు సవరణ ఓటింగ్‌కు వచ్చినప్పుడు దానికి ఓటెయ్యలేదు. అది 52-47 దగ్గర ఆగిపోయింది, సెనేట్‌లో చర్చ ముగించడానికే 60 కావాలి. అధ్యక్షుడు తప్పు అని చెప్పడం ఒక ఎత్తు, ఎదుటి పార్టీ జెండా కట్టిన బిల్లుకు చేయెత్తడం మరో ఎత్తు. మొదటిది చేస్తే గౌరవం దక్కుతుంది, రెండోది చేస్తే ప్రైమరీలో సొంతవాళ్లే సీటు లాగేసుకుంటారు.

ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. 2007 చివరికల్లా ఇరాక్‌లో హింస తగ్గింది. గడువు పెట్టి ఉంటే ఆ అవకాశం పోయేదని అదనపు సైన్యాన్ని సమర్థించినవాళ్లు ఇప్పటికీ అంటారు. ఆ వాదనను తీసిపారేయలేం. కానీ సభలో ఓట్లు అటూ ఇటూ పడింది దాన్ని బట్టి కాదు. పార్టీని బట్టి.

డబ్బు ఆపడం

అన్నిటికంటే భయపెట్టేది, అన్నిటికంటే పనిచేసింది ఇదే. అయితే ఎలా ఆపారన్నది ముఖ్యం.

1970 ఏప్రిల్ చివర్లో నిక్సన్ కంబోడియాలోకి సైన్యాన్ని పంపాడు. దేశం భగ్గుమంది. మే 4న కెంట్ స్టేట్ యూనివర్సిటీలో నేషనల్ గార్డ్ కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. ఆ ఏడాది సెనేట్ ముందుకు రెండు సవరణలు వచ్చాయి. రెండింటిలోనూ ఒక డెమోక్రాట్, ఒక రిపబ్లికన్ ఉన్నారు. జాన్ షెర్మన్ కూపర్, ఫ్రాంక్ చర్చ్ తెచ్చినది ప్రధానంగా కంబోడియాలో అమెరికా సైన్యాన్ని ఉంచడానికి డబ్బు లేదంది. జార్జ్ మెక్‌గవర్న్, మార్క్ హాట్‌ఫీల్డ్ తెచ్చినది 1971 చివరికల్లా మొత్తం సైన్యం వియత్నాం నుంచి వచ్చేయాలంది. మొదటిది జూన్ 30న 58-37తో నెగ్గింది. రెండోది సెప్టెంబర్ 1న 55-39తో ఓడింది. అదే సెనేట్, అదే వేసవి, అదే యుద్ధం.

తేడా ఎక్కడుందంటే, కూపర్-చర్చ్‌కు ఓటేసిన రిపబ్లికన్ తన ఊరికి వెళ్లి, ‘నేను సైనికులకు డబ్బు ఆపలేదు, యుద్ధం ఇంకో దేశానికి పాకకుండా చూశాను’ అని చెప్పుకోగలడు. మెక్‌గవర్న్ సవరణకు ఓటేస్తే ఆ మాట చెప్పుకోలేడు.

కూపర్-చర్చ్ కూడా వెంటనే చట్టం కాలేదు. ప్రతినిధుల సభ తిప్పికొట్టింది, కాస్త సడలించాక 1971 జనవరిలో అమల్లోకి వచ్చింది. బాంబులు దానికి ఆగలేదు. కానీ 1971 ఫిబ్రవరిలో లావోస్ మీదకు దాడి జరిగినప్పుడు సరిహద్దు దాటి నేల మీద నడిచింది దక్షిణ వియత్నాం సైన్యమే. నిధుల ఆంక్షల వల్ల అమెరికా పదాతి దళాలు ఇవతలే ఆగాయి. చిన్న తాళమే, పనిచేసింది.

1973లో పెద్ద తాళం పడింది. కంబోడియా మీద బాంబుదాడులకు వెంటనే డబ్బు ఆపాలన్న బిల్లును నిక్సన్ జూన్ 27న వీటో చేశాడు. వీటోను కొట్టేసేటన్ని ఓట్లు అప్పుడూ రాలేదు. కానీ 2007లో డెమోక్రాట్లు వెనక్కి తగ్గిన చోట వీళ్లు తగ్గలేదు. ఆ షరతు లేకుండా ఖర్చుల బిల్లు రాదని తేల్చి చెప్పారు. నిక్సనే దిగొచ్చి ఆగస్టు 15 గడువుకు ఒప్పుకున్నాడు. ఆ రోజుతో బాంబులు ఆగాయి. నిజం చెప్పాలంటే అప్పటికి నిక్సన్‌ను చుట్టుముట్టిన వాటర్‌గేట్ కుంభకోణం విచారణ టీవీలో నడుస్తోంది, నిక్సన్ బలహీనపడ్డాడు, అమెరికా సైనికులు వియత్నాం నుంచి వచ్చేశారు కాబట్టి పిల్లల నోటి దగ్గర కూడు అనే మాట కూడా చెల్లలేదు. ఇవన్నీ కలిసొచ్చాయి. మళ్లీ మళ్లీ కలిసొచ్చేవి కావు.

అదే ఏడాది నవంబర్‌లో నిక్సన్ వీటోను తోసిరాజని యుద్ధాధికారాల తీర్మానం కూడా తెచ్చారు. కాంగ్రెస్ అనుమతి లేకపోతే 60 రోజుల్లో యుద్ధం ముగించాలంటుంది. ఏ పార్టీ అధ్యక్షుడైనా దాని చుట్టూ దారి వెతుక్కున్నవాడే, అందుకే దీన్ని నాలుగో దారిగా లెక్కలోకి తీసుకోలేదు.

మరి ఏది మేలు?

సైనికుల వైపు నుంచి చూస్తే నా ఓటు నిధులకే, అది కూడా చిన్నగా, ఒక చోటికి, ఒక పనికి పరిమితం చేసి, అవతలి పార్టీవాడు చెయ్యెత్తడానికి సాకు దొరికేలా రాసిన సవరణకే. గడువు బిల్లు రెండో స్థానం. ఎన్నికల మీదే ఆశ పెట్టుకోవడం చివరిది, ఎందుకంటే ఈలోగా యుద్ధం నడుస్తూనే ఉంటుంది.

పార్టీ వైపు నుంచి చూస్తే ఈ వరస తలకిందులవుతుంది. డబ్బు ఆపినవాడి మీద ఓటమి నింద పడుతుంది. 1972లో డెమోక్రాట్ల అధ్యక్ష అభ్యర్థిగా నిలిచిన మెక్‌గవర్న్ 49 రాష్ట్రాల్లో ఓడిపోయాడు. 2007లో గడువు బిల్లు వీగిపోయిన డెమోక్రాట్లు మాత్రం మరుసటి ఏడాది అధ్యక్ష పదవితో సహా అన్నీ గెలిచారు. అధికారంలో ఉన్నవాళ్లదీ ఇదే లెక్క. 1970 డిసెంబర్‌లో నిక్సన్ జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్ వాదనను నిక్సన్ సహాయకుడు హాల్డ్‌మన్ డైరీలో రాసుకున్నాడు: 1971లోనే అంతా వచ్చేస్తే, ఆ తర్వాత అక్కడ ఏదైనా బెడిసికొడితే 1972 ఎన్నికల ముందు సమాధానం చెప్పుకోవాలి, అందుకని 1972 చివరిదాకా లాగడం మంచిదని.

బుష్ కూడా తేదీని మొత్తానికి వద్దనలేదు. 2008 డిసెంబర్ 14న బాగ్దాద్ వెళ్లి, ప్రధాని నూరీ అల్ మాలికీతో కలిసి భద్రతా ఒప్పందం మీద సంతకం చేశాడు. విలేకరి ఒకడు బుష్ మీదకు బూట్లు విసిరింది ఆ రోజే. బూట్ల వీడియో ప్రపంచమంతా చూసింది, ఒప్పందంలో ఏముందో చాలామంది చదవలేదు. 2011 డిసెంబర్ 31కల్లా అమెరికా సైన్యం మొత్తం ఇరాక్ విడిచి వెళ్లాలని అందులో ఉంది. అమెరికాలో ఎన్నికలు అయిపోయి అప్పటికి ఆరు వారాలు.