40 పేజీల రూల్ బుక్కా, గోడ మీద ఒక్క కాగితమా?

విశాఖ ద్వారకానగర్‌లో ప్రకటనలు రాసే మా చిన్న ఆఫీసుకు ఒక రియల్ ఎస్టేట్ క్లయింట్ వచ్చారు. వాళ్ల ఫ్లెక్సీ మీద 'విశాఖపట్టణం', వెబ్‌సైట్‌లో 'విశాఖపట్నం', ఇన్‌స్టాలో 'మన వైజాగ్'. ఇంతవరకూ నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ బ్రోచర్‌లో 4 సెంట్లు అని రాసిన ప్లాటే ఇన్‌స్టాలో 200 గజాలైంది. సెంటుకు 48.4 గజాల లెక్కన 4 సెంట్లంటే 193.6 గజాలే. ఆ ఆరు గజాల కోసం ఒకాయన టేపు పట్టుకుని సైట్ ఆఫీసుకు వచ్చేశాడట.

"ఇక మీదట రాతకు రూల్స్ ఉండాల్సిందే, ఎంతైనా రాయండి" అన్నారు ఓనరు. ఎంత రాయాలన్నదే అసలు ప్రశ్న. మా ముందు మూడు దారులున్నాయి, మూడూ తొక్కి చూశాం.

మొదటిది లావుపాటి పుస్తకం. పత్రికలకు ఇది బాగా నప్పుతుంది. అసోసియేటెడ్ ప్రెస్ స్టైల్‌బుక్ 1953 నుంచీ బయటివాళ్లకూ దొరుకుతోంది. అయితే అక్కడ పుస్తకం తిరగేయడానికి డెస్క్ నిండా మనుషులుంటారు. మా క్లయింట్ దగ్గర రాసేదీ, డిజైన్ చేసేదీ, పోస్ట్ పెట్టేదీ ఒక్క కుర్రాడే. ముచ్చటపడి 40 పేజీలు రాసిచ్చాను. మూడు నెలల తర్వాత అడిగితే, "లోగో పేజీ చూశాను సార్" అన్నాడు. తప్పు వాడిది కాదు. సాయంత్రం ఆరులోపు పోస్ట్ వెళ్లాలంటే 27వ పేజీలో కామా సంగతి ఎవడు వెతుకుతాడు?

రెండోది, పుస్తకం జోలికి పోకుండా అన్నీ ఒకరే చూడటం. వాళ్ల ఆఫీసులో సీనియర్ మేడం ఒకరికి ఆ పని అప్పగించారు. పని చకచకా సాగింది, రాతకు ఒక గొంతు కూడా వచ్చింది. సంక్రాంతికి ఆవిడ ఊరెళ్లారు. ఆఫర్లు ఊపందుకునేది కూడా అప్పుడే. 'రిజిస్ట్రేషన్ ఉచితం' అని తెలుగులో పెద్దక్షరాలతో, పక్కన చుక్క (*) గుర్తుతో ఒక పోస్ట్ వెళ్లిపోయింది. షరతేమో కింద చీమ తలకాయంత ఇంగ్లీషులో. ఆశ తెలుగులో పెట్టి, షరతు ఇంగ్లీషులో పెడితే ఎలా? 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మాట ఏ భాషలో ఇచ్చారో షరతూ ఆ భాషలోనే ఉండాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేసే అధికారం ఆ సంస్థకుంది. పోస్ట్ తీసేసేదాకా మా అందరికీ టెన్షనే.

మూడోది ఒక్క కాగితం. కంప్యూటర్ ఎదుటి గోడకు అంటించాం. ముందే కూర్చుని ఆలోచించి రాసిన రూల్ దాని మీద ఒక్కటీ లేదు. నిజంగా గొడవ పడ్డ సంగతి తేలాకే ఒక లైను ఎక్కుతుంది. ఊరి పేరు 'విశాఖపట్నం', రీల్స్‌లో మాత్రం 'వైజాగ్' పర్లేదు. కొలత గజాల్లోనే, రౌండ్ చేయొద్దు. విశాఖ నగరాభివృద్ధి సంస్థ వుడా 2018లోనే వీఎంఆర్‌డీఏ అయింది కాబట్టి జనం నోట ఏమున్నా మన రాతలో కొత్త పేరే.

అన్నిటికంటే ఎక్కువ తగువు యాస దగ్గర జరిగింది. "ఏటి బావా, ఇంకా అద్దింట్లోనే ఉన్నావేటి?" అని ఒక రీల్ చేశారు. చూసినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, "మేం మాట్లాడితే కామెడీ, మీరు అమ్మితే మార్కెటింగా?" అని శ్రీకాకుళం వైపు మనిషి ఒకాయన కామెంట్ పెట్టాడు. ఆయన మాట నిజం. ఆ రీల్‌లో యాస మాట్లాడేది అమాయకుడు, ఇల్లు చూపించే తెలివైనవాడిది మాత్రం పుస్తకాల భాష. యాసే వద్దని ఓనరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఈ ఊళ్లో ఇల్లు అమ్ముతూ ఈ నేల మాటకు సిగ్గుపడితే ఎట్లా? చివరికి కాగితం మీద ఇలా రాశాం: యాస డైలాగు ఆ ప్రాంతపు మనిషే రాయాలి, ఇల్లు చూపించే తెలివైనవాడికీ అదే యాస ఇవ్వాలి, ధర, కొలత, షరతు చెప్పే వాక్యాల్లో మాత్రం వాడొద్దు.

నా ఓటు కాగితానికే, మేడంని తీసేయకుండా. కాగితంలో లేనిది వస్తే ఆవిడ మాటే ఆఖరు, ఆవిడ లేనప్పుడు ఎవరన్నది కూడా అందులోనే పేరుతో రాశాం. పది బ్రాంచీలు, పాతికమంది రాసేవాళ్లు ఉన్న సంస్థకైతే పుస్తకం తప్పదు. చట్టం సంగతి వేరు, దాన్ని ఇష్టాయిష్టాల పక్కన పెట్టకూడదు. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ (రెరా) ఇచ్చే నంబరు, రెరా వెబ్‌సైట్ అడ్రసు ప్రతి ప్రకటనలో ఉండాలని 2016 చట్టం చెబుతోంది. దానికి విడిగా టిక్కులు పెట్టే చీటీ ఉంది, టిక్కు పడకపోతే పోస్ట్ వెళ్లదు.

మొన్న ఎక్కిన లైను: 'ఎయిర్‌పోర్టుకు ఇన్ని నిమిషాలు' అనొద్దు, కిలోమీటర్లు రాయాలి. ఓనరుకు అది నచ్చలేదు. "తెల్లారుజామున నాలుగింటికి నేను వెళ్లి చూశాను గురూ, ఇరవై నిమిషాలే" అన్నారు. "అయితే నాలుగింటికని కూడా వేద్దాం సార్" అన్నాడు కుర్రాడు. కిలోమీటర్లే ఖాయమయ్యాయి.