వీలునామానా, గిఫ్ట్ డీడా: పిల్లలకు ఇల్లు రాసివ్వడానికి ఏది మేలు?

వనస్థలిపురంలో రెండు వందల గజాల ఇల్లు, రిటైరైన పెద్దాయన, అమెరికాలో కొడుకు, కూకట్‌పల్లిలో కూతురు. హైదరాబాద్‌లో చిన్న లా ఆఫీసు నడిపేవారెవరికైనా ఈ కుటుంబం బాగా తెలిసినదే. ఆయన అడిగేదీ తెలిసినదే: “గిఫ్ట్ చేసేయమంటారా, వీలునామా రాసి పెట్టమంటారా?”

ఆ ఇంట్లో ఇంకా మీరే ఉంటున్నారంటే నా ఓటు వీలునామాకే. గిఫ్ట్ డీడ్ రిజిస్టరై, పిల్లలు దాన్ని స్వీకరించిన క్షణం నుంచి ఇల్లు వాళ్లది. మనసు మారిందనో, కోడలితో పడలేదనో వెనక్కు తీసుకునే వీలు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఇవ్వదు. వీలునామా అలా కాదు. మీ చివరి శ్వాస దాకా అది కాగితమే; రేపు చింపేసి ఇంకొకటి రాసుకోవచ్చు, మధ్యలో ఇల్లే అమ్ముకోవచ్చు. ఆసుపత్రి ఖర్చు నెత్తిన పడ్డప్పుడు ఈ స్వేచ్ఛ విలువ తెలుస్తుంది.

ఖర్చులోనూ వీలునామాదే పైచేయి. స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది. మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చాలు. గిఫ్ట్‌కు రిజిస్ట్రేషన్ తప్పదు. ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువపై డ్యూటీ కట్టాలి. కుటుంబ సభ్యులకైతే రేటు తక్కువే, కానీ నగరంలో విలువలు పెరిగాక అదీ చిన్న మొత్తం కాదు.

మరి గిఫ్ట్ బలమేమిటి? మీరుండగానే పని పూర్తవుతుంది. వీలునామా అసలు పరీక్ష మీరు పోయాక మొదలవుతుంది. “నాన్నకు అప్పటికి మతి సరిగా లేదు, తమ్ముడు సంతకం పెట్టించుకున్నాడు” అని ఒక్కరు సిటీ సివిల్ కోర్టుకో, ఎల్బీనగర్ కోర్టుకో వెళ్తే, కనీసం ఒక సాక్షి బోనెక్కి తన కళ్లముందే సంతకం జరిగిందని చెప్పాలి. అందుకే సాక్షులుగా మీ ఈడు స్నేహితులను కాదు, మీకన్నా చిన్నవాళ్లను, ఆస్తితో సంబంధం లేనివాళ్లను పెట్టుకోండి. డెబ్బై దాటితే అదే రోజు తేదీతో డాక్టరు సర్టిఫికెట్ కూడా తీసుకోండి. రిజిస్టర్ చేయిస్తే ఇంకా మంచిది, అయితే రిజిస్టరైన వీలునామాను కోర్టులో ప్రశ్నించకూడదన్న నమ్మకం మాత్రం తప్పు. మంచం పట్టిన మనిషి కోసం సబ్ రిజిస్ట్రార్ ఇంటికి రావడానికీ చట్టంలో వీలుంది.

పిల్లల మధ్య ఇప్పటికే మాటల్లేవంటే నేనూ గిఫ్ట్ వైపే మొగ్గుతాను, రెండు షరతులతో. ఒకటి, బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు మీకే అని దస్తావేజులో రాయించుకోవడం. స్వాధీనం తన దగ్గరే ఉంచుకున్నా గిఫ్ట్ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. రెండు, పోషణ బాధ్యత పిల్లలదే అన్న వాక్యం. అది ఉండి, పిల్లలు మాట తప్పితే 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ కింద ఆర్డీవో నేతృత్వంలోని ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయగలదు. ఈ సెక్షన్‌ను వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా చూడాలని సుప్రీంకోర్టు 2025లో చెప్పినా, ఆ ఒక్క వాక్యం రాయించుకోవడానికి బద్ధకమెందుకు? అచ్చు నమూనాలో పేర్లు మార్చి ఇచ్చే గిఫ్ట్ డీడ్‌లో అదే ఉండదు. “ప్రేమాభిమానాలతో” మాత్రం రెండుసార్లు ఉంటుంది.

ఇంటి మీద బ్యాంకు అప్పుంటే వాళ్ల అనుమతి లేకుండా గిఫ్ట్ మాటెత్తకండి. రిజిస్ట్రేషన్ లేకుండా నోటరీ కాగితాల మీద కొన్న ఇళ్లు పాతబస్తీలోనూ శివార్లలోనూ ఎన్నో ఉన్నాయి. ముందు హక్కు సంగతి తేల్చుకోవాలి. మీకు లేని హక్కు వీలునామాతోనూ రాదు.

ముస్లిం కుటుంబాల లెక్క వేరు. వారసుల సమ్మతి లేకుండా వీలునామాతో మూడో వంతుకు మించి ఇవ్వడం కుదరదు. హిబా, అంటే ముస్లిం చట్టంలోని గిఫ్ట్, నోటిమాటగానూ చెల్లుతుంది కానీ స్వాధీనం అప్పగించాలి, అదీ నిరూపించగలగాలి.

ఏదీ రాయకపోవడమూ ఒక దారే, అనేకులు పోయే దారి అదే. హిందువైన మగవాడు తల్లి, భార్య, ఇద్దరు పిల్లలను వదిలి పోతే ఆయన స్వార్జితంలో నలుగురికీ నాలుగో వంతు చొప్పున వస్తుంది. చాలామంది ఆ లెక్కలో తల్లినే మరచిపోతారు. ఇంకా ఇబ్బంది పిల్లలు లేని వితంతువులది. ఆమె ఉద్యోగం చేసి కొనుక్కున్న ఫ్లాటు, వీలునామా లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ముందు భర్త వారసులకు వెళ్తుంది. కన్నవాళ్ల వంతు ఆ తర్వాతే. అలాంటి స్త్రీ ఎవరైనా నా దగ్గరకు వస్తే రెండింటిలో ఏది అన్న చర్చ పెట్టను, ఆ వారమే వీలునామా రాయిస్తాను.

బ్యాంకులో నామినీ పేరు రాశాం కదా అంటారు కొందరు. నామినీ సొమ్ము తీసుకునే మనిషి, హక్కుదారు కానక్కరలేదు. డిపాజిట్లు, షేర్లు కూడా వీలునామాలోనే పేర్కొనండి.